తేట గదిలో నాలుగు గంటలు

శుక్రవారం పొద్దున ఆరింటికి ఎర్రలోయలోకి దిగేటప్పుడు సెవెర్ లుపాన్ చేతిలో ఉన్న సరుకు ఇది. తనది కాని పేరుతో ఒక గుర్తింపు కార్డు. తుక్కు ఇనుము కొనే వ్యాపారి వేషం, దానికి తగినట్టు మోచేతుల దగ్గర అరిగిపోయిన తోలు కోటు. తలుపు తాడుతో కట్టిన వ్యాను. వ్యానులో ఒక తక్కెడ, ఒక పెద్ద అయస్కాంతం, అయస్కాంతం కడుపులో ట్రాన్స్‌మిటర్. ఒక కోడ్ వాక్యం. ముప్పై గంటల గడువు. ఎవరిని నమ్మాలన్న సమాచారం మాత్రం ఆ సరుకులో లేదు.

అతన్ని పంపిన కర్నల్ ప్రూనా బ్రీఫింగులు ఎప్పుడూ పొట్టివి.

"శనివారం పన్నెండింటికి నది ఒప్పందం మీద సంతకాలు. మనవీ, నదికి దిగువనున్న పొరుగు దేశానివీ. ఆ సంతకాలు పడకూడదనుకునే వాళ్లు క్రోగ్ అనేవాణ్ణి పనిలో పెట్టారు."

"ఏ దేశం వాడు?"

"ఏ సరిహద్దులో ఆపితే దానికి అవతలి దేశం వాడు."

"పద్ధతి?"

"ఎర్రలోయ గని మూతపడి ఆరేళ్లయింది. సొరంగానికి అడ్డంగా కాంక్రీటు గోడ కట్టి లోపలి నీళ్లు ఆపాం. ఆ గోడ ఎగిరిపోతే విషం మూడు గంటల్లో నదిలో ఉంటుంది, రెండు రోజుల్లో సరిహద్దు దాటుతుంది. ఆ తరవాత ఎవడూ ఎవడితోనూ సంతకం పెట్టడు."

"ఈ కబురు ఎవరిచ్చారు?"

"మిరూనా సావు. నీళ్ల రసాయనం చదువుకున్న మనిషి. క్రోగ్ దగ్గర ఉద్యోగం చేస్తూ మనకు కబుర్లు చెబుతోంది. మన దగ్గర ఉద్యోగం చేస్తూ క్రోగ్‌కి చెబుతోందేమో కూడా. అదీ నువ్వే తేల్చు."

సెవెర్ గూఢచారి శాఖలో చేరకముందు పదేళ్లు ఉన్ని, జున్ను బేరం చేసినవాడు. తూకం వెయ్యకుండా ఏదీ ఒప్పుకోడు. ఈ మిషన్‌లో తక్కెడకు ఒకవైపు ఉన్నది లుంకా అనే ఊరు. ఎర్రలోయ వాగు నదిలో కలిసే చోట ఉన్న ఆ ఊళ్లో ఆరు వేలమంది తాగేది నది ఒడ్డు గులకరాళ్లలో తవ్విన బావుల నీళ్లే. దేశాలు పోట్లాడుకుంటాయి, మళ్లీ కలుస్తాయి. బావి చెడితే మాత్రం బాగుపడదు. అతని లెక్కలో ఒప్పందం కన్నా ఆ బావులే బరువు.

వేషంలో పొరపాటు జరిగిందని అతనికి మొదటి గంటలోనే అర్థమైంది. తుక్కు వ్యాపారి ఏ లోయకు వెళ్లినా చెల్లుతాడు, ఎర్రలోయలో తప్ప. ఇక్కడ ఎవరూ ఇనుము అమ్మరు.

కారణం ఆ నీళ్లే. గనిలో గంధకం కలిసిన రాయికి గాలీ నీరూ తగిలితే ఆ నీరు పుల్లబడి ఆమ్లమవుతుంది. ఆమ్లం రాగిని, జింకును, సీసాన్ని, కాడ్మియాన్ని కరిగించి తనతో మోసుకొస్తుంది. గని మూసినంత మాత్రాన ఆ పని ఆగదు. ఇక్కడి తాతలు ఆ నీళ్లనే వాడుకోవడం నేర్చారు. సొరంగం నోటి దగ్గర ఏడు చెక్క దోనెలు కట్టి నీళ్లు వాటిలోంచి పారిస్తారు. దోనెలో పాత ఇనుము వేస్తే నీళ్లు ఇనుమును తిని, తమలోని రాగిని దాని చోట వదిలిపెడతాయి. మంచం స్ప్రింగులు, గుర్రపు నాడాలు, విరిగిన పారలు మూడు వారాల్లో ఎర్రటి రాగి పొట్టుగా మారతాయి. ఏడిళ్ల వాళ్లకు ఏడు దోనెలు. పక్కవాడి పెళ్లాన్ని చూసి నవ్వినా ఊరుకుంటారు గానీ, పక్కవాడి దోనెలో చెయ్యి పెడితే ఊరుకోరు.

మొదటి దోనె సవెత అవ్వది. డెబ్బై దాటిన మనిషి, మెడలో నల్ల రుమాలు, మోకాళ్ల దాకా రబ్బరు బూట్లు. సెవెర్ తక్కెడతో కనిపించగానే ఆమె పార తీసింది. ఇంతకు ముందు వచ్చిన తుక్కువాడు ఆమె పొయ్యి తలుపు ఎత్తుకుపోయాడట. సెవెర్ బేరగాళ్ల నవ్వు నవ్వి, అవ్వా, నేను దొంగను కాను, కొనేవాణ్ణి అన్నాడు. రెంటికీ తేడా ఆ పొయ్యి తలుపును అడగమని ఆమె అంది. ఆ మాటలు జరుగుతుండగానే ఎవరిదో మేక కాలవలో దిగి బురద రేపింది. అవ్వ సెవెర్‌ను వదిలి, మేకను లోయ చివరిదాకా తరిమింది. బురద నీళ్లు దోనెలోకి వస్తే ఇనుము మీద పొరగా పట్టి, రాగి పట్టదు. మేక యజమానికి ఆ మధ్యాహ్నం పడిన తిట్లు లోయంతా విన్నది.

మిరూనా ఆ సాయంత్రం బస్టాండు పక్కన మమలీగ అనే మొక్కజొన్న సంకటి అమ్మే కొట్టులో కనిపించింది. ముదురు ఎరుపు కోటు, పట్టు స్కార్ఫు, ఆ లోయలో ఎవరికీ లేనంత శుభ్రమైన బూట్లు. సెవెర్ పక్క బల్ల మీద కూర్చుని, పళ్లెం వంక చూస్తూ కోడ్ అన్నాడు.

"ఈ వాగులో చేపలు పడతాయా?"

"పడితే తినకండి. తలుపుకు గొళ్లెంగా బిగించుకోండి."

మాట సరిపోయింది. మందుగుండు ఇప్పటికే గోడకు బిగించారని, రేపు పొద్దున ఏడున్నరకు క్రోగ్ మనుషులు కొండమీదకు వెళ్లిపోతారని, అప్పుడు సొరంగంలోకి దారి చూపిస్తానని ఆమె చెప్పింది. చెబుతున్నంతసేపూ చెంచాతో పళ్లెంలోని సంకటిని నాలుగు ముక్కలు చేసి, మళ్లీ కలిపింది. ఒక్క ముద్దా తినలేదు. సెవెర్ ఆ లెక్క వేసుకున్నాడు. అబద్ధం చెప్పేవాళ్లు సాధారణంగా బాగా తింటారు.

పొద్దున ఆమె చెప్పినట్టే దారి చూపింది. సెవెర్ భుజాన అయస్కాంతంతో సొరంగంలో నూట ఇరవై అడుగులు నడిచారు. టార్చి వెలుగులో కాంక్రీటు గోడ కనిపించింది. దాని మీద బూడిదరంగు పొట్లాలు ఆరు, వాటి నుంచి సొరంగం గోడ వెంబడి బయటికి పాకిన జంట వైరు. సెవెర్ కత్తెర తీశాడు. వెనకనుంచి ఇంకో టార్చి వెలిగింది.

క్రోగ్ పొట్టివాడు, నెమ్మదస్తుడు, చేతికి ఉన్ని తొడుగులు. అతని వెనక తుపాకులతో ఇద్దరు. సెవెర్ మిరూనా వంక చూశాడు. ఆమె ముఖం తెల్లబోయి ఉంది, అది నటన అయితే చాలా ఖరీదైన నటన. ఒక తుపాకి ఆమె వైపు కూడా తిరగడంతో అనుమానం తీరింది.

"ఇద్దరికీ ఒకే సరుకు అమ్మావు," అన్నాడు క్రోగ్ ఆమెతో. "అలాంటి వాళ్లను చివరికి ఎవరూ కొనరు."

కత్తెర లాక్కుని, వాళ్లిద్దర్నీ సొరంగం పక్కనున్న గదిలోకి తోసి, ఇనుప కటకటాల తలుపు వేసి తాళం పెట్టాడు. దానికి ముందే సెవెర్ కోటు అస్తరు కోసి, అక్కడ దాచిన శాఖ ముద్ర ఉన్న అసలు కార్డు తీసి చదివి, అతని జేబులో పెట్టాడు.

"చంపొచ్చుగా," అన్నాడు సెవెర్.

"నీళ్లు చంపుతాయి. రేపు లుంకా దగ్గర తేలేటప్పుడు నీ జేబులో ఈ కార్డు ఉండాలి. గోడ పేల్చింది మీ ప్రభుత్వమేనని నేను చెప్పక్కర్లేదు, నువ్వే చెబుతావు."

వెళుతూ వెళుతూ, పని బాగా చేసినవాడి తృప్తితో ఇంకో ముక్క చెప్పాడు. రేడియో తరంగాలు రాతిలోకి రావు గనక రిసీవర్ పెట్టె బయట ఉందట, ఇనుములో ఇనుముగా. సంతకాల కార్యక్రమం రేడియోలో ప్రత్యక్షంగా వింటూ, సరిగ్గా పన్నెండింటికి ఎదురు కొండ మీద మీట నొక్కుతాడట. గడియారం వాళ్ల దగ్గరే ఉంచుకోమన్నాడు. అప్పుడు సమయం ఎనిమిది దాటి అయిదు నిమిషాలు.

ఆ గదిని లోయవాళ్లు తేట గది అంటారు. పదడుగుల పొడవు, ఆరడుగుల వెడల్పు, తల ఎత్తితే రాయి తగిలే కప్పు. గోడ అడుగున వదిలిన గొట్టం నీళ్లు ఒక మూల కంతలోంచి ఇందులోకి వచ్చి, నింపాదిగా తిరిగి, మోసుకొచ్చిన తుప్పురంగు బురదను ఇక్కడే దించేసి, తేటగా ఇంకో కంతలోంచి బయటి దోనెలకు పోతాయి. ఆరేళ్లుగా ఎవరూ ఎత్తని మేట మోకాలి లోతు ఉంది. దాని మీద జానెడు నీరు. ఆ నీళ్లు చర్మానికి మొదట చల్లగా, తరవాత దురదగా, గీరుకున్న చోట నిప్పులా తగులుతాయి.

సెవెర్ ఉన్నదంతా ఒకసారి లెక్క చూసుకున్నాడు. తాళం బయట. కటకటాలు తాతల కాలం నాటివైనా బొటనవేలంత లావు. ట్రాన్స్‌మిటర్ కొండ లోపల మూగది. ఎదురు గోడ మీది వైరు కటకటాల నుంచి రెండు గజాల దూరం. తుక్కు సామానేనని క్రోగ్ వదిలేసిన అయస్కాంతాన్ని బెల్టుకు కట్టి విసిరాడు. అది వైరుకు తగిలి, రాతికి తగిలి, నేల మీద పడింది. ఇంకో నాలుగుసార్లు విసిరాడు.

"అది రాగి తీగ," అంది మిరూనా. "అయస్కాంతానికి పట్టదు."

"తెలుసు. వేరే పని లేదని విసురుతున్నాను."

తొమ్మిదింటికి అతను అరవడం మానేశాడు. అరుపు సొరంగం మలుపు దాటడం లేదు. ఆమె గోడకు ఆనుకుని నిలబడింది, కూర్చునే చోటే లేదు. ఎర్రకోటు అంచు బురదలో నాని నల్లబడింది. తన లెక్కలు తాను చెప్పడం మొదలుపెట్టింది, ఎవరూ అడగకుండానే. గోడ వెనక నీరెంతో, ఎంత పులుపో, కరిగే మంచుతో నది ఎంత పొంగుతోందో అన్నీ కొలిచింది. ఆ పొంగులో ఆ విషం రెండు రోజుల్లో పల్చబడి పోతుంది. నది రెండు రోజులు నారింజరంగులో పారుతుంది, టీవీలో చూపిస్తారు, ఆ సిగ్గుతోనైనా ప్రభుత్వం ఈ గనికి శుద్ధి కేంద్రం కడుతుంది. ఆరేళ్లుగా అర్జీలు పెట్టి విసిగి, అందుకే క్రోగ్ ఉద్యోగానికి ఒప్పుకుంది. మందుగుండు చూశాక భయపడి శాఖకు కబురు చేసింది. రెండు వైపులా అమ్మింది ఎందుకంటే రెండు వైపులా నమ్మకం లేక.

సెవెర్ అంతా విన్నాడు. వ్యాపారికి అలవాటైన ప్రశ్న ఒకటి అడిగాడు. లెక్కలో రాయనిది ఏమిటి?

ఆమె తడిసిన కోటు అంచు పిండుకుంది.

"నీళ్ల సంగతి చెప్పావు. నీళ్లు బాటసారి, వచ్చి పోతాయి. బురద మాటేమిటి?"

 ఆమె తల ఎత్తకుండానే చెప్పింది. లుంకాకు మైలు ఎగువన గని రాయి దంచే మరల కోసం వాగుకు అడ్డంగా వేసిన పాత కట్ట ఉంది. గని నీటిలో కరిగిన లోహాలు చివరిదాకా కరిగే ఉండవు. మంచి వాగులు కలిసి పులుపు తగ్గేకొద్దీ ఇనుము తుప్పుగా విరిగి, సీసాన్ని, పాషాణాన్ని వెంటబెట్టుకుని అడుక్కి దిగుతుంది. కాడ్మియం ఇంకా కొంతదూరం పోయి, నీరు నిలకడైన చోట సన్నటి ఒండ్రును పట్టుకుంటుంది. ఆ కట్ట వెనక నూట యాభై ఏళ్ల మేట ఉంది, పదహారడుగుల లోతు. కదలనంత కాలం అది ఎవరినీ ఏమీ చెయ్యదు. గోడ పగిలితే వచ్చే అల దాన్ని లేపుతుంది. లేచిన బురద పొంగుతో పాటు లుంకా తోటల మీద, బావుల మీద పరుచుకుంటుంది. వాన పడినప్పుడల్లా కొంచెం కొంచెంగా కిందికి దిగుతుంది.

"ఎన్నాళ్లు?"

"మనవల మనవల దాకా."

"ఈ సంగతి నీకు ముందే తెలుసు."

"తెలుసు. క్రోగ్ నీళ్ల గురించే అడిగాడు. నేనూ నీళ్ల గురించే రాశాను. రెండో పేజీ రాయలేదు." ఆమె బురద వంక చూస్తూ అంది, "మా అమ్మ ఇల్లు లుంకాలో మూడో బావి పక్కనే. నిన్న ఫోన్ చేసి, ఈ ఏడాది టమాటా నారు ముందే పోశానని చెప్పింది. నేను, మంచిదమ్మా అన్నాను."

సెవెర్ ఓదార్చలేదు. అలాంటి సరుకు అతని దగ్గర ఎప్పుడూ లేదు. నువ్వు తూకంలో మోసం చేశావు, రాళ్లు మార్చి మరీ చేశావు అని మాత్రం అన్నాడు. ఆమె అవునంది.

పదిన్నర అయింది. గాలి బరువెక్కింది. సెవెర్ కాళ్లు మొద్దుబారి, అడుగు మార్చబోయి జారి, ఆమె చెయ్యి పట్టుకుంటే ఇద్దరూ కలిసి బురదలో కూలబడ్డారు. లేచేసరికి గదిలో నీరంతా చిక్కటి ఇటుకరంగు. కళ్లు మండుతున్నాయి. మిరూనా దగ్గుతూ, బయటికి పోయే కంత వంక చూస్తోంది. అప్పటిదాకా గాజులా పోతున్న నీరు ఇప్పుడు గచ్చుకు కలిపిన సున్నంలా చిక్కగా పోతోంది.

"ఇది ఎక్కడికి పోతుంది?" అన్నాడు సెవెర్.

"దోనెల్లోకి. మొదట సవెత అవ్వ దోనెలోకి."

ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. మేక సంగతి లోయలో అందరికీ తెలుసు.

ఆ తరవాతి గంటలో వాళ్లు మాట్లాడుకున్నది తక్కువ. సెవెర్ తోలు కోటు విప్పి, దాన్ని చేటలా పట్టి మేటను అడుగునుంచి లేపాడు. మిరూనా ఎర్రకోటుతో అదే పని చేసింది, తరవాత చేతులతో, తరవాత కాళ్లతో. మేట పైన మెత్తగా, కింద మైనంలా ఉంది. లేపింది మళ్లీ పడిపోకముందే కంత వైపు నెట్టాలి. ముద్దగా నెడితే కంత మూసుకుపోతుంది, పల్చన చేసి పంపాలి. ఆమెకు ఆ పాళ్లు తెలుసు. ఇంత నీరు, ఇంత బురద, ఇప్పుడు ఆగండి, ఇప్పుడు తొయ్యండి అని చెప్పింది. అతని అరచేతుల మీద బొబ్బలు లేచాయి, ఆమె వేళ్ల మధ్య చర్మం ఊడింది. ఆగితే భయం గుర్తొస్తుంది గనక ఆగలేదు. ఎక్కడా కదలకూడదని ఆమె ఇప్పుడే చెప్పిన బురదను ఆమే తవ్వి పంపుతోంది. సెవెర్ ఆ సంగతి అన్నాడు. దోనెల కింద ఇంకో మడుగు ఉందని, ఇదంతా అందులో దిగిపోతుందని, ఆ మాత్రం లెక్క చూశానని ఆమె విసుక్కుంది. ఈసారి రెండో పేజీ కూడా చూసుకుందన్నమాట.

పదకొండున్నర. ఎవరూ రాలేదు. పదకొండూ నలభై.  అవ్వ సంతకు వెళ్లి ఉంటుందేమో అంది మిరూనా. సెవెర్ తొయ్యడం కొనసాగించాడు.

పదకొండూ యాభై మూడుకు సొరంగంలో రబ్బరు బూట్ల చప్పుడు వినిపించింది. లాంతరు, దాని వెనక పార, పార వెనక సవెత అవ్వ.

"ఎవడ్రా లోపల? నా దోనెలో పేడ కలిపిన చచ్చినోడెవడు?"

"నేనే అవ్వా. తుక్కువాణ్ణి."

"అనుకున్నా. నిన్ను చూడగానే అనుకున్నా. ఇనుము అమ్మలేదని పగబట్టి నా దోనె పాడు చేస్తావా? నీ నోట్లో మన్ను పడ." లాంతరు ఎత్తి మిరూనాను చూసింది. "ఈ పిల్లెవరు? లుంకా జెనొవేవా కూతురివి కాదూ? నీకిదేం పోయేకాలం, ఇట్లాంటోడితో కొట్లో దూరావు?"

సెవెర్ కటకటాలు పట్టుకున్నాడు. ఎదుటి గోడ మీద వైరు అలాగే ఉంది. పేలుడు మందు, రిసీవర్, పన్నెండు గంటలు అన్నీ కలిపి ఒక్క గుక్కలో చెప్పాడు. బయట ఒక పెట్టె ఉంటుంది, వైరు పీకెయ్, లేదా ఇదిగో ఈ వైరును పారతో నరికెయ్ అన్నాడు.

అవ్వ వైరు వంక చూడలేదు. పెట్టె మాట మాత్రం పట్టుకుంది. నా ఇనుప కుప్పలో పెట్టె సంగతి నీకెలా తెలుసంది. ఉన్నదంతా ముందే చూసి పెట్టుకున్నావన్నమాట అంది. ఆమె పొయ్యి తలుపు చరిత్ర మళ్లీ మొదటినుంచి వచ్చింది. పదకొండూ యాభై ఎనిమిది.

"పెద్దమ్మా," అంది మిరూనా.  "మా అమ్మకు నువ్వు తెలుసుగా. మా అమ్మ బావి పోతుంది. ఇతన్ని నమ్మకు, నన్ను నమ్ము. ఆ తీగ కొట్టెయ్."

అవ్వ ఆమెను కాసేపు చూసింది. ఆ కాసేపు ఎంతో సెవెర్ గడియారంలో చూశాడు. నలభై సెకన్లు. తరవాత అవ్వ లాంతరు కింద పెట్టి, నడుం సర్దుకుని, పార ఎత్తింది. ఎత్తి, మళ్లీ దించింది.

"కొట్టడం దేనికి? అది పోయి ఎక్కడికీ అతకలేదుగా."

పన్నెండయింది.

సెకను ముల్లు మెల్లిగా ఇంకో చుట్టు తిరిగింది. గోడ గోడలాగే ఉంది. కంతలో నీళ్ల చప్పుడు. మిరూనా కళ్లు గట్టిగా మూసుకుని అలాగే ఉండిపోయింది.

అవ్వ ఏప్రన్ జేబులోంచి తీగ చుట్ట ఒకటి తీసి చూపించింది, చక్కగా చుట్టి, మధ్యలో ముడి వేసి ఉంది. జరిగింది చెప్పింది. దోనెలోకి బురద రావడం చూసి, ముందు ఇనుమంతా తీసి కడిగింది. దోనె ఖాళీ చేసింది. ఎటూ ఖాళీ అయింది కదా అని పక్కనున్న కుప్పలోంచి కొత్త ఇనుము వేసింది. కుప్పలో ఎవరో మంచి రేకు పెట్టె పడేసి పోయారు, అదీ వేసింది. దానికి రెండు తీగలు వేలాడుతుంటే బారెడు తెంపి దాచుకుంది.

"అది రాగి కదా," అంది, మందబుద్ధికి చెప్పినట్టు. "రాగిని తీసుకెళ్లి రాగి నీళ్లలో ఎవడేస్తాడు?"

అప్పటికి అయిదు నిమిషాలు దాటింది. ఎదురు కొండ మీద క్రోగ్ మీట ఎన్నిసార్లు నొక్కాడో ఎవరికీ తెలియదు. రేడియోలో సంతకాలు పూర్తయి, బ్యాండు వాయించడం మాత్రం అతను విని ఉంటాడు. తొడుగులు తీసి, తన పెట్టెకు ఏమైందో చూసుకోవడానికి స్వయంగా దిగి వచ్చాడు. కుప్పలో అది లేదు. దోనెలో నీళ్ల కింద మెరుస్తూ కనిపించింది. ఎంతో చదువుకున్నవాడు, ఏడు భాషలు వచ్చినవాడు, చొక్కా చెయ్యి మడిచి, పరాయివాళ్ల దోనెలో మోచేతి దాకా చెయ్యి పెట్టాడు.

అవ్వ చేసిన బురద గొడవ విని అప్పటికే మిగతా ఆరిళ్ల వాళ్లు పారలతో బయలుదేరి దోనెల దగ్గరికి చేరుకుంటున్నారు.

తేట గదిలో ఉన్నవాళ్లకు ఆ గొడవ మలుపు అవతల నుంచి మసకగా వినిపించింది. క్రోగ్ మొదట ఒక భాషలో, తరవాత రెండో భాషలో, చివరికి ఏ భాషా కాని దానిలో మాట్లాడాడు. అతని ఇద్దరు మనుషులు తుపాకులు తీసేలోపే పద్నాలుగు పారలు లెక్క తేల్చాయి. అవ్వ తాపీగా వెళ్లి, అతని జేబులు వెతికి, తాళంచెవి తెచ్చింది. తలుపు తీస్తూ సెవెర్‌తో, నువ్వు నా దోనెకు చేసిన నష్టం మాత్రం మరిచిపోలేదంది.

మిరూనా బయట వెలుగులో చేతులు చూసుకుంది. అరచేతులు మణికట్టు దాకా తుప్పురంగు. సబ్బుకు పోలేదు. అలాగే కూర్చుని, సెవెర్ దగ్గర కాగితం అడిగి, రెండో పేజీ రాసింది. మేట లోతు, కాడ్మియం పాళ్లు, కట్టను ఎట్టి పరిస్థితిలోనూ తెరవకూడదని, ముందు గని నీళ్లను శుద్ధి చెయ్యాలని, ఆ తరవాతే మేటను కదపకుండా కప్పాలని. చివర తాను ఈ సంగతి ముందే తెలిసి దాచానని కూడా రాసి, సంతకం పెట్టింది. ఆ వాక్యం కొట్టెయ్యమని సెవెర్ చెప్పలేదు. ఆమె కోసం అయిదేళ్ల శిక్ష అడిగిన ప్రాసిక్యూటరు ఆ వాక్యం చదివి, రెండేళ్లకు దిగాడు.

క్రోగ్ విచారణ ఇంకో దారి పట్టింది. గోడకు ఉన్న మందుగుండుకూ అతనికీ సంబంధం చూపించేది రిసీవర్ ఒక్కటే. మిరూనా మాట చెల్లదన్నాడు అతని లాయరు, రెండు చోట్ల ఉద్యోగం చేసిన సాక్షి గనక. సెవెర్ సాక్ష్యం చెప్పడానికి వీల్లేదు, శాఖ లెక్క ప్రకారం అలాంటి మనిషే లేడు. ఇక పెట్టె. దోనెలో వేసిన ఇనుము మూడు వారాల లోపు తియ్యడం ఆ లోయలో ఎవరి ఇంటా లేదని అవ్వ చెప్పింది. పోలీసులు చెయ్యి పెట్టబోతే పద్నాలుగు పారలు మళ్లీ బయటికొచ్చాయి. కోర్టు నుంచి అనుమతి కాగితం తెప్పించారు. అది సరిగ్గా మూడు వారాలకు వచ్చింది. దోనెలో ఉన్నది పిడికెడు రాగి పొట్టు, ఒక ప్లాస్టిక్ బొత్తాం.

చివరికి క్రోగ్ మీద నిలిచిన నేరం ఒక్కటే, పరుల దోనెలో చెయ్యి పెట్టడం. దానికి ఏడిళ్ల సాక్ష్యం ఉంది. పాత గనుల చట్టంలో ఆ నేరానికి ఎనిమిదేళ్లని ఎవరికీ గుర్తులేదు, జడ్జికి తప్ప.

శాఖ ఫైలులో లాభం ఇలా తేలింది. సంతకాలు పడిన ఒప్పందం ఒకటి. చెక్కు చెదరని గోడ, దాని వెనక అంతకు ముందు ఎంత ఉందో అంతే నీరు. కట్ట వెనక కదలని బురద, దాని గురించి మొట్టమొదటిసారి రాసిన ఒక పేజీ. లుంకాలో తాగగలిగిన బావులు అన్నీ. పైగా పిడికెడు రాగి. ఆ రాగిని సాక్ష్యంగా భద్రపరచాలి, పంపమని కర్నల్ ప్రూనా లోయకు రాశాడు. ఏడిళ్ల వాళ్లూ కూర్చుని ఆలోచించి జవాబు పంపారు. పంపుతాం, బదులుగా అంతే తూకం ఇనుము పంపండి, తుప్పు పట్టినదైనా ఫరవాలేదు. కర్నల్ ఆ జాబు కింద 'బేరం న్యాయంగానే ఉంది' అని రాసి ఫైలు మూసేశాడు.